రెండో లెన్సు కొనే ముందు మీ పాత ఫోటోలను అడగండి

మిర్రర్‌లెస్ కెమెరాతో పాటు వచ్చిన చిన్న జూమ్ లెన్సుతో ఆరు నెలలో ఏడాదో గడిపాక, రెండో లెన్సు మీద మనసు పడుతుంది. ఏది కొనాలని తెలిసినవారిని అడుగుతాం. పక్షుల వెంట తిరిగేవారు దూరాన్ని దగ్గరికి లాగే టెలిఫోటో కొనమంటారు. పెళ్ళిళ్ళు తీసేవారు ఎక్కువ వెలుతురు పట్టే ఎఫ్/2.8 జూమ్ అంటారు. వీధుల్లో తిరిగేవారు జూమ్ లేని ఒక్క 35 మి.మీ. లెన్సు చాలంటారు. ఎవరూ తప్పు చెప్పడం లేదు. వాళ్ళు తీసే ఫోటోలకు అవే సరైన జవాబులు. మీరు తీసే ఫోటోలకు జవాబు మాత్రం మీ దగ్గరే ఉంది, మీ హార్డ్ డిస్కులో. దాన్ని బయటికి తీయడం, నలుగురితో పంచుకొని నిగ్గు తేల్చుకోవడం, డబ్బు కట్టే ముందు లెన్సును పరీక్షించడం ఎలాగో వరుసగా చెబుతాను.

ఈ దారి నాకు ఆత్రేయపురంలో, మా మేనత్త వంటింట్లో దొరికింది. ఆమె పూతరేకులు తీస్తుంటే ఫోటోలు తీయాలని వెళ్ళాను. పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పల్చగా కలిపిన బియ్యప్పిండి. తెల్లటి గుడ్డను అందులో ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తుంది. గుడ్డ వెళ్ళిన చోట కాగితం కంటే పల్చటి పొర తేలుతుంది. చూస్తుండగానే దాన్ని వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టేస్తుంది. గదికి ఉన్నది ఒక్క కిటికీ. నా లెన్సు అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే కన్నం, 50 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. వెలుతురును పెంచి చూపే ఐఎస్ఓను 6400 దగ్గర పెట్టినా షట్టర్ సెకనులో 40వ వంతు దగ్గరే ఆగింది. కుండ స్పష్టంగా వచ్చింది, గోడ మీద మసి కూడా స్పష్టంగా వచ్చింది. ఆమె చెయ్యి మాత్రం ప్రతి ఫోటోలోనూ పొగలా చెదిరిపోయింది. మళ్ళీ ఒకసారి చేయమని అడిగితే, "నాన్నా, రేకు నీ కోసం ఆగదు, ఆగితే మాడిపోతుంది" అంది.

అప్పటికి నేను పెద్ద టెలిఫోటో కోసం డబ్బు దాచుకుంటున్నాను. ఆ రాత్రి ఏడాది ఫోటోలన్నీ తెరిచి కూర్చున్నాక ఆలోచన మారిపోయింది.

మొదటి పని: కుప్పలు పోయండి

గడిచిన ఏడాదిలో మీకు నచ్చిన ఫోటోలు వంద, నచ్చాల్సింది కానీ చెడిపోయినవి మరో వంద ఏరండి. రెండో వంద ముఖ్యం. చెడిపోయిన ఫోటోలను మనం వెంటనే తుడిచేస్తాం. ఇకమీదట ఆ పని చేయకండి, లెన్సు విషయంలో మీకు నిజం చెప్పేవి అవే.

ప్రతి ఫోటోలో అది ఏ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే మి.మీ. అంకె), ఏ అపర్చర్‌తో, ఎంత షట్టర్ స్పీడుతో తీసిందో నమోదై ఉంటుంది. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఫోకల్ లెంగ్త్ వారీగా వడకట్టి చూడవచ్చు. డబ్బు పెట్టకుండా కావాలంటే డిజీకామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇవేవీ లేకపోయినా కంప్యూటర్‌లో ఫోటో వివరాలు తెరిస్తే కనిపిస్తాయి. ఒక నోటు పుస్తకం తీసుకొని గీతలు పెట్టుకుంటూ వెళ్ళండి. ఆదివారం ఒక పూట పడుతుంది, అంతే.

మొదటిది ఇరుకు కుప్ప. అందులోకి జూమ్‌ను పూర్తిగా వెడల్పు వైపుకు తిప్పి తీసినవి, అంటే 16 లేదా 18 మి.మీ. దగ్గర ఆగిపోయినవి వేయండి. వాటిలో గోడకు వీపు ఆనించి, ఇంకా వెనక్కి జరగలేక తీసినవి ఎన్నో గుర్తు తెచ్చుకోండి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు, రామప్ప గుడి మండపం స్తంభాలు, అపార్ట్‌మెంట్ హాల్లో ముప్పై మంది బంధువులు ఈ కుప్పలోకి వస్తారు. రెండోది దూరం కుప్ప, దగ్గరికి లాక్కోలేక పోయినవి: 50 మి.మీ. దగ్గర తీసి, తరవాత సగానికి పైగా కత్తిరించినవి. మూడో కుప్ప చీకటిది. షట్టర్ నెమ్మదించి చెదిరినవి, ఐఎస్ఓ పెరిగి ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చినవి ఇందులోకి.

నాలుగో కుప్ప కూడా పెట్టుకోవాలి. వేళ తప్పి తీసినవి, ఫోకస్ వేరే చోట పెట్టినవి, మిట్టమధ్యాహ్నం ఎండలో మాడిపోయినవి. వాటికి లెన్సుతో సంబంధం లేదు. ఏ లెన్సు కొన్నా ఈ కుప్ప తగ్గదు. చాలామందికి ఇదే అన్నిటికంటే పెద్దదిగా తేలుతుంది. అలా తేలితే కొన్నాళ్ళు కొనడం ఆపి తెల్లవారుజామున లేవండి. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఆ మార్పు ముందు ఏ కొత్త లెన్సూ నిలవదు.

నా కుప్పల్లో చీకటిదే పెద్దది. దూరం కుప్పలో ఉన్నవి ఒకే ఒక్క పక్షుల యాత్రలో తీసినవి.

చీకటి కుప్ప పెద్దదైతే

అపర్చర్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. లెక్క సులువు: రెండు అంకెలను భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించాలి. 5.6ను 1.8తో భాగిస్తే దాదాపు 3.1, దాన్ని 3.1తో హెచ్చిస్తే సుమారు 9.7. అంటే ఎఫ్/1.8 లెన్సు నా పాత లెన్సు కంటే దాదాపు పది రెట్ల వెలుతురు ఇస్తుంది. ఆ పది రెట్లను నేను ఎలా ఖర్చు పెట్టుకోవచ్చో చూడండి. షట్టర్‌ను 40వ వంతు నుంచి 200వ వంతుకు తెచ్చుకుంటే అయిదు రెట్లు ఖర్చవుతుంది. మిగిలిన రెండు రెట్లతో ఐఎస్ఓను 6400 నుంచి 3200కు దించుకోవచ్చు. చెయ్యీ ఆగుతుంది, గరుకూ తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కెమెరాలోనో లెన్సులోనో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే చాలదా అని అడుగుతారు. అది మీ చేతి వణుకును తగ్గిస్తుంది. ఎదుటి మనిషి చేతి కదలికను ఆపలేదు. గుడి లోపలి శిల్పానికి అది వరం. పూతరేకు తీసే చేతికి, ఊయల ఊగే పిల్లకు, కూచిపూడి నర్తకి పాదానికి అది పనికిరాదు. అక్కడ కావలసింది వెలుతురే.

పెద్ద అపర్చర్‌కు మనం చెల్లించే మూల్యం కూడా ఉంది. బొమ్మ పడే సెన్సర్ పలక కాస్త చిన్నగా ఉండే ఏపీఎస్-సీ రకం కెమెరాలో 50 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరున్నర దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లు మాత్రమే. చెయ్యి మీద ఫోకస్ పెడితే ముఖం మసకబారుతుంది. అందుకే ఎఫ్/1.8 లెన్సు కొన్నా, వెలుతురు ఉన్నంతవరకు ఎఫ్/2.8, ఎఫ్/4 దగ్గర వాడడం అలవాటు చేసుకోవాలి.

ఈ కుప్పకు మందు ఖరీదైనదే కానవసరం లేదు. కెనాన్ ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 బరువు 160 గ్రాములు, సోనీ ఎఫ్ఈ 50 మి.మీ. ఎఫ్/1.8 బరువు 186 గ్రాములు. అవి ఆయా కంపెనీల చవకైన లెన్సుల్లో చేరతాయి. నికాన్ జడ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ మాత్రం 415 గ్రాములు. చిత్రం అంచులదాకా చక్కగా రావాలన్న పట్టుదలతో చేసిన లెన్సు అది, ధర కూడా అలాగే ఉంటుంది. అదే కంపెనీ 40 మి.మీ. ఎఫ్/2 బరువు 170 గ్రాములే. రోజూ సంచిలో ఉండేది కావాలంటే నా ఓటు ఆ 40కే.

దూరం కుప్ప పెద్దదైతే

కొనే ముందు ఒక చిన్న లెక్క వేయండి. వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకొని ఫోకల్ లెంగ్త్‌తో హెచ్చించి, దూరంతో భాగించండి. సెన్సర్ మీద బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లు వస్తుందో తేలుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ళ కొంగ ఉందనుకుందాం. దాని ఎత్తు దాదాపు మీటరు. అది 50 మీటర్ల దూరంలో ఉంటే 300 మి.మీ. లెన్సుతో బొమ్మ 6 మి.మీ. వస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ ఎత్తు సుమారు 15.6 మి.మీ. కనుక పక్షి ఫ్రేములో మూడో వంతుకు పైగా నిండుతుంది. అది చాలా మంచి ఫోటో. అదే ఎత్తున్న పక్షి పులికాట్ సరస్సులో 200 మీటర్ల అవతల నిలబడితే, 300 మి.మీ.తో ఒకటిన్నర మిల్లీమీటరు, 600 మి.మీ.తో 3 మి.మీ. అంటే రెండు కిలోల లెన్సు మోసుకెళ్ళినా పక్షి ఫ్రేములో అయిదో వంతే.

పైగా అక్కడ ఇంకో చిక్కు. పొద్దెక్కాక నీళ్ళ మీద నుంచి, ఎండిన బురద మీద నుంచి వేడిగాలి లేస్తుంది. దాని గుండా చూస్తే రాజహంస కాళ్ళు నీళ్ళలో ముంచిన దారాల్లా అల్లల్లాడుతూ కనిపిస్తాయి. ఎంత డబ్బు పోసిన లెన్సయినా దాన్ని సరిచేయలేదు. సూర్యోదయం తరవాతి మొదటి గంటలో, గాలి ఇంకా చల్లగా ఉన్నప్పుడు తీయాలి. దూరపు పక్షుల ఫోటోలు మెత్తగా వచ్చాయని లెన్సు మార్చాలనుకునేవారు ముందు ఫోటో తీసిన వేళ చూసుకోవాలి.

బరువు సంగతి కూడా తూచుకోండి. సోనీ 200-600 మి.మీ. జూమ్, ట్రైపాడ్‌కు బిగించే కాలర్ లేకుండానే 2,115 గ్రాములు. నికాన్ 180-600 మి.మీ. కూడా కాలర్ లేకుండానే 1,955 గ్రాములు. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 మి.మీ. మాత్రం 635 గ్రాములే. కానీ 400 దగ్గర దాని అపర్చర్ ఎఫ్/8. పగటి వెలుతురులో బాగా పనిచేస్తుంది, సాయంత్రం చెట్ల కింద ఇబ్బంది పెడుతుంది. నెలకు రెండుసార్లు నేలపట్టుకో కొల్లేరుకో వెళ్ళేవారు బరువైనదే తీసుకోవచ్చు. ఏడాదికి ఒకసారి వెళ్ళేవారు తేలికది కొనుక్కోవాలి, లేదా ఆ రెండు రోజులకు పెద్దది అద్దెకు తెచ్చుకోవాలి.

ఇరుకు కుప్ప పెద్దదైతే

ఏపీఎస్-సీ కెమెరాకు 10 నుంచి 12 మి.మీ. వరకు, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 16 నుంచి 20 మి.మీ. వరకు వెళ్ళే లెన్సు కావాలి. పెద్దగా ఆలోచించాల్సింది లేదు, ఒక్క మాట తప్ప: వెడల్పు లెన్సులో ఫ్రేము అంచున నిలబడిన మనిషి ముఖం సాగిపోతుంది. బంధువుల గుంపు ఫోటోలో పెద్దవాళ్ళను మధ్యకు జరపండి.

రెండో పని: మౌంట్, సెన్సర్ సరిచూసుకోండి

కెమెరాకు లెన్సు బిగించే ఆ గుండ్రటి లోహపు నోరే మౌంట్. సోనీకి ఈ, నికాన్‌కు జడ్, కెనాన్‌కు ఆర్‌ఎఫ్, ఫ్యూజీఫిల్మ్‌కు ఎక్స్. పానసోనిక్ ఫుల్‌ఫ్రేమ్‌లో ఎల్ మౌంట్, చిన్న సెన్సర్ కెమెరాల్లో మైక్రో ఫోర్ థర్డ్స్ వాడుతుంది. ఒకదాని లెన్సు ఇంకొకదానికి నేరుగా పట్టదు.

పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు ఇంట్లో ఉంటే పారేయకండి. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య అద్దం ఉండేది, దానికి చోటు కావాలి. అందుకే కెనాన్ ఈఎఫ్ మౌంట్ నుంచి సెన్సర్‌కు 44 మి.మీ. దూరం ఉండేది. అద్దం పోయాక ఆర్‌ఎఫ్‌లో అది 20 మి.మీ.కు తగ్గింది. మిగిలిన 24 మి.మీ. ఖాళీని పూడ్చే బోలు గొట్టమే అడాప్టర్. నికాన్‌లో కూడా 46.5 నుంచి 16 మి.మీ.కు తగ్గింది కనుక ఇదే వీలుంది. ఒక జాగ్రత్త: నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డీ రకం లెన్సులకు చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

సెన్సర్ కొలత కూడా గుర్తుండాలి. ఫుల్‌ఫ్రేమ్ 36×24 మి.మీ. ఏపీఎస్-సీలో దృశ్యం ఒకటిన్నర రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, కెనాన్ ఏపీఎస్-సీలో 1.6 రెట్లు, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో రెండు రెట్లు. ఫుల్‌ఫ్రేమ్ వాడే స్నేహితుడు 50 మి.మీ. బాగుంటుందన్నాడని మీ ఏపీఎస్-సీ కెమెరాకు అదే కొంటే, మీకు కనిపించేది అతని 75 మి.మీ. దృశ్యం. ఇరుకు గదిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎవరి సలహా విన్నా, వాళ్ళ సెన్సర్ ఏదో ముందు అడగండి.

ఇతర కంపెనీల లెన్సులను కూడా చూడండి. సోనీ, ఫ్యూజీ, ఎల్ మౌంట్‌లకు సిగ్మా 18-50 మి.మీ. ఎఫ్/2.8 చాలా కాలంగా ఉంది. సోనీ రకం సుమారు 290 గ్రాములే. కెనాన్ 2024లో ఏపీఎస్-సీ ఆర్‌ఎఫ్ లెన్సులకు సిగ్మా, టామ్రాన్‌లను అనుమతించాక అది కెనాన్‌కూ వచ్చింది. ఇంట్లో పండగలు, పిల్లలు, ఊరి ప్రయాణాలు తీసేవారికి, మూడు కుప్పలూ సమానంగా ఉన్నవారికి నేను మొదట చూపించేది ఇదే.

మూడో పని: టేపు వేసి ఒక ఆదివారం గడపండి

జూమ్ లేని లెన్సు కొనాలనుకుంటే ఈ పరీక్ష తప్పనిసరి. మీ పాత జూమ్‌ను 35 మి.మీ. దగ్గర పెట్టి, రింగు కదలకుండా కాగితపు టేపు చుట్టండి. కెమెరాను ఆన్ చేయగానే జూమ్ తనంతట కదిలే రకమైతే టేపు వేయకండి, అంకె చూసుకుంటూ అక్కడే ఉంచండి. ఆ రోజంతా దానితోనే తీయండి. రైతుబజారుకు వెళ్ళండి, ఇంట్లో పిల్లలను తీయండి. ఎన్నిసార్లు వెనక్కి జరగాల్సి వచ్చిందో, ఎన్నిసార్లు ముందుకు వెళ్ళలేకపోయారో రాసుకోండి. వచ్చే ఆదివారం 50 దగ్గర, ఆపై వారం 23 దగ్గర. మూడు వారాలకు మీ అడుగులే మీకు చెబుతాయి.

నేను 35 కొంటానని గట్టిగా అనుకున్నాను. మా మేనత్త వంటింట్లో 50 దగ్గర ఉంచితే కుండ, రెండు చేతులు మాత్రమే ఫ్రేములో నిలిచాయి. 35 దగ్గర గ్యాస్ సిలిండరు, ప్లాస్టిక్ బకెట్ కూడా వచ్చి చేరాయి. నాకు కావలసింది ఆ చేతులని అక్కడే తెలిసింది.

నాలుగో పని: ఫోటోలు పంచుకోండి, కానీ పద్ధతిగా

ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. ఫోటోలు పంచుకునే స్నేహబృందాలు లెన్సు ఎంపికలో ఎంత మేలు చేయగలవో, పద్ధతి తప్పితే అంత అయోమయం కూడా తెచ్చిపెడతాయి.

ముందుగా, అడిగే ప్రశ్న మార్చండి. "ఏ లెన్సు మంచిది?" అని అడిగితే పేర్లు వస్తాయి. చెడిపోయిన ఫోటోలు అయిదు పెట్టి "వీటిలో నన్ను అడ్డుకున్నది ఏమిటి?" అని అడగండి. నేను వంటింటి ఫోటోలు పెట్టినప్పుడు ఒకరు లెన్సు మాటే ఎత్తలేదు. కిటికీ మీ వెనక ఉంది, మీ నీడే కుండ మీద పడుతోంది, పక్కకు జరగండి అన్నారు. అది నిజం. నాకు అప్పటిదాకా కనిపించలేదు. నాలుగో కుప్పలో వేయాల్సిన వాటిని చీకటి కుప్పలో వేసుకున్నానని అప్పుడు అర్థమైంది.

ప్రతి ఫోటో కింద కెమెరా, లెన్సు, ఫోకల్ లెంగ్త్, అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ రాయండి. కత్తిరించారా, ఎంత కత్తిరించారు, రంగులు దిద్దారా అన్నది కూడా చెప్పండి. ఇవి లేని ఫోటో చూడడానికి బాగుంటుంది కానీ తూకానికి పనికిరాదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. స్పష్టత గురించి మాట్లాడాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. లేదా అసలు ఫోటోలోంచి మధ్య ముక్క ఒకటి, మూల ముక్క ఒకటి పూర్తి పరిమాణంలో కత్తిరించి పెట్టండి. ఫోన్ తెర మీద ఏ లెన్సు ఫోటో అయినా పదునుగానే కనిపిస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ ఫోటో అక్కడ ఒకటి రెండు మెగాపిక్సెళ్ళకు కుదించి చూపిస్తుంది మరి. కాబట్టి ఎవరైనా ఫోన్‌లో చూసి "ఎంత షార్పో!" అంటే సంతోషించండి, ఆ మాట మీద డబ్బు మాత్రం పెట్టకండి.

రెండు లెన్సుల మధ్య ఊగిసలాట ఉంటే పేర్లు దాచి పెట్టండి. ఒకే చోటు నుంచి, ఒకే అపర్చర్‌తో, ఒకే వెలుతురులో తీసి 'క', 'గ' అని మాత్రం రాయండి. ఏది నచ్చిందో, ఎందుకో చెప్పమనండి. ధర తెలిసిన కన్ను ఖరీదైన దాని వైపు మొగ్గుతుంది. పేరు తెలియని కన్ను బొమ్మను చూస్తుంది.

ఇతరుల ఫోటోలు చూసి లెన్సును అంచనా వేసేటప్పుడు, పూలూ సూర్యాస్తమయాలూ దాటి వెళ్ళండి. సూర్యుడికి ఎదురుగా తీసినవి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసినవి, నల్లటి కొమ్మలు తెల్లటి ఆకాశానికి అడ్డుగా ఉన్నవి వెతకండి. కొమ్మల అంచుల్లో ఊదా రంగు గీతలు, వెలుగు చారలు, మూలల్లో నలుపు అక్కడే బయటపడతాయి. ఒక సంగతి: నేటి మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటి వంపులను, మూలల నలుపును కెమెరా సాఫ్ట్‌వేర్ లోలోపలే సరిచేస్తుంది. జేపెగ్‌లో తిన్నగా కనిపించే గోడ, దిద్దుబాటు లేని రా ఫైలులో పీపాలా ఉబ్బి కనిపించవచ్చు. అది మోసం కాదు, లెన్సును చిన్నగా, తేలికగా చేయడానికి ఎంచుకున్న మార్గం. అయితే అలా సాగదీసిన మూలల్లో పదును కొంత తగ్గుతుంది, దాన్ని చూసుకోవాలి.

పంచుకునే ముందు ఇంకో రెండు పనులు. ఫోటోలో జీపీఎస్ వివరాలు ఉంటే తీసేయండి. ఇంటి చిరునామా బయటపడకూడదు, పక్షి గూళ్ళ చోటు అసలే బయటపడకూడదు. గూడు ఎక్కడో తెలిస్తే రేపు యాభై మంది కెమెరాలతో దిగుతారు, తల్లి పక్షి గుడ్లు వదిలి వెళ్ళిపోతుంది. అలాగే మనుషుల ఫోటో పెట్టే ముందు వాళ్ళను అడగండి. వంటింట్లో నూలు చీరలో ఉన్న మేనత్తను నలుగురికీ చూపించాలంటే ఆమె సరేనన్నాకే.

అయిదో పని: గోడకు న్యూస్ పేపర్లు అంటించండి

హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో లెన్సులు రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. లేదా స్నేహితుడిది ఒక పూట అడిగి తెచ్చుకోండి. కొన్నదైతే వెనక్కి ఇచ్చే గడువులోపే ఈ పరీక్ష పూర్తి చేయాలి.

వెలుతురు పడే గోడకు తెలుగు దినపత్రిక కాగితాలు ముడతలు లేకుండా అంటించండి. మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు. ఏపీఎస్-సీలో 35 మి.మీ. లెన్సుకు రెండు మీటర్ల దూరం నుంచి దాదాపు 1.3 మీటర్ల వెడల్పు గోడ ఫ్రేములో పడుతుంది, దాన్ని బట్టి అంటించుకోండి. కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు సమానంగా నిలపండి. వణుకు తగ్గించే ఏర్పాటు ఆపేయండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, తరవాత ఎఫ్/2.8, ఎఫ్/4, ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర ఒక్కొక్కటి తీయండి.

కంప్యూటర్‌లో పూర్తి పరిమాణంలో తెరిచి అక్షరాలు చదవండి. తెలుగు లిపి ఇందుకు బాగా ఉపకరిస్తుంది. 'ప' మీద తలకట్టు అక్షరానికి అంటకుండా విడిగా ఉంటుంది, 'వ' మీద కలిసిపోతుంది. మధ్యలో ఈ తేడా ఎఫ్/1.8 దగ్గరే కనిపించాలి. మూలల్లో పూర్తిగా తెరిచినప్పుడు 'ప' కాస్తా 'వ' అయిపోయినా కంగారు పడకండి, చాలా లెన్సులు అంతే. ఎఫ్/4, ఎఫ్/5.6 దగ్గర అది విడిపోవాలి. అసలు చూడాల్సింది నాలుగు మూలలూ ఒకలాగే ఉన్నాయా అన్నది. మూడు మూలలు చక్కగా ఉండి ఒక్క మూల ఎప్పటికీ మసకగానే ఉంటే, కెమెరా వంకరగా నిలిచిందేమో చూసి మళ్ళీ తీయండి. అయినా అదే మూల మసకగా ఉంటే లోపలి గాజు పలక పక్కకు జరిగినట్టు. ఆ లెన్సు తిరిగి ఇచ్చేయండి.

గోడ పరీక్షతో ఆపకండి. ఇంట్లో పిల్లాడిని మీ వైపు పరుగెత్తుకుంటూ రమ్మని, ఫోకస్ ఎంత వేగంగా పట్టుకుంటోందో చూడండి. నాకైతే గోడ పరీక్ష కంటే ఇదే పెద్దది.

ఆరో పని: పాతది కొంటుంటే టార్చి వేయండి

నేను ఒకసారి పాత టెలిఫోటో కొన్నాను. బయట గీత కూడా లేదు, ధర బాగుంది, సాయంత్రం దుకాణం వెలుతురులో అద్దం మెరిసిపోయింది. ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా సన్నటి పోగులు. బూజు. మరమ్మతుకు అడిగితే నేను కొన్న ధరలో సగం పైనే చెప్పారు.

కాబట్టి రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. నాలుగైదు ధూళి రేణువులు అన్ని లెన్సుల్లోనూ ఉంటాయి, వాటివల్ల నష్టం లేదు. పోగుల్లాంటి బూజు, పాలపొరలాంటి మసక కనిపిస్తే వద్దు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన వచ్చినా వద్దు. ఫిల్టర్ రింగు నొక్కుకుపోయి ఉంటే అది ఎప్పుడో కింద పడిందని అర్థం. జూమ్ తిప్పినప్పుడు ఎక్కడా పట్టేయకూడదు. కెమెరాకు బిగించి, అపర్చర్ మార్చుతూ పది ఫోటోలు తీసి, అన్నిటిలో వెలుతురు సమానంగా వచ్చిందో చూడండి. కొత్తది కొనేటప్పుడు జీఎస్‌టీ బిల్లు, భారతదేశపు వారంటీ ఉన్నాయో లేదో అడగండి. బయటి దేశం నుంచి తెచ్చిన లెన్సుకు ఇక్కడి సర్వీసు కేంద్రం ఉచితంగా చేయకపోవచ్చు.

కొన్నాక

మన తీరప్రాంతంలో లెన్సుకు మొదటి శత్రువు తేమ. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో వానాకాలం బీరువాలో, తోలు సంచిలో పెట్టిన లెన్సుకు బూజు పట్టడానికి ఎక్కువ కాలం అక్కర్లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. మరీ ఎండగట్టనవసరం లేదు. సిలికా జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. అంతకంటే మంచి మందు, లెన్సును వారానికోసారి బయటికి తీసి వాడడం.

ఏసీ కారులోంచి దిగి వెంటనే కెమెరా బయటికి తీయకండి. చల్లటి గాజు మీద బయటి తేమ ఆవిరిలా పడుతుంది. సంచి మూసే ఉంచి పావుగంటో అరగంటో ఆగండి. సముద్రపు ఒడ్డున తీస్తే, ఇంటికి రాగానే కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో లెన్సు ఒంటిని తుడవండి, ఉప్పు నిలవకుండా. అద్దాన్ని మాత్రం ముందు గాలి బుడ్డితో ఊదాకే తాకాలి.

లెన్సు వచ్చిన మొదటి వారంలో మీ చెడిపోయిన ఫోటోల్లోంచి ఒకటి ఎంచుకొని అదే చోటికి, అదే వేళకు వెళ్ళండి. నేను 50 మి.మీ. ఎఫ్/1.8 పట్టుకొని ఆత్రేయపురం వెళ్ళాను. ఈసారి కిటికీ పక్కగా ఉండేలా కూర్చున్నాను. 200వ వంతు, ఎఫ్/1.8, ఐఎస్ఓ 3200. అంచున చెయ్యి ఇంకా కొంచెం చెదురుతోంది కానీ వేళ్ళు ఆగాయి, గుడ్డ నుంచి రాలుతున్న పిండి చుక్క గాలిలో ఆగింది. కెమెరా తెర మీద పెద్దది చేసి మా మేనత్తకు చూపించాను. కళ్ళజోడు తెచ్చుకొని చాలాసేపు చూసింది. రేకుకు ఒక మూల చిన్న చిరుగు ఉందట, అది తనకు అప్పుడు కనిపించలేదట. "ఇది ఎవరికీ పంపకు, ఇంకోటి తీస్తాను ఉండు" అని మళ్ళీ గుడ్డ ముంచింది.